పెళ్లికి అహ్వెన్లు

వాసా,
1961 సెప్టెంబరు 3, ఆదివారం

వదినా,

నిన్నంతా మిషను తొక్కీ తొక్కీ చెయ్యీ కాలూ రెండూ పట్టేశాయి. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. ఈ ఊళ్లో జనానికి చలికోట్లు గుర్తొచ్చేది సెప్టెంబరులోనే. అందరికీ రేపటికే కావాలి. మా దుకాణం యజమానురాలు సూదులు కూడా లెక్కపెట్టి ఇస్తోంది.

పెద్ద కబురు ముందు చెప్పేస్తాను. పెళ్లి ఖాయమైంది. అక్టోబరు పద్నాలుగు, శనివారం, మన కివిలహ్తి చర్చిలోనే. అమ్మకి విడిగా రాశాను. ఆవిడ దగ్గర్నించి కార్డు వచ్చింది. కార్డంతా ఖాళీ, మధ్యలో ఒక్క ముక్క: "చేసుకుంటే చేసుకోవచ్చు." పెళ్లికొడుకు యోస్టా ఆ కార్డు పట్టుకుని నా వెనకాలే తిరిగాడు. "ఇది అవునా, కాదా?" అని. "మా సవో సరస్సుల వైపు వాళ్లింతే, మాట మన చేతిలో పెట్టి అర్థం మనల్నే వెతుక్కోమంటారు" అన్నాను. పైకి అలా అన్నానే గానీ వదినా, ఈసారి నాకే అర్థం దొరకలేదు. పిల్లవాడు సముద్రం మనిషి, హెర్రింగ్ చేపల పడవ ఉంది, ఇంట్లో మాట్లాడేది స్వీడిష్. అమ్మకి అందులో ఒక్క ముక్క రాదు. నాన్న పోయాక ఆవిడ మనసు తెలుసుకోవడం మరీ కష్టమైపోయింది. నువ్వు రోజూ పక్కనే ఉంటావు. కాస్త కనిపెట్టి చెప్పు.

రెండో సంగతి చేపలు. పెళ్లి భోజనంలో మన చేపల రొట్టె కలకుక్కో లేకపోతే మనవాళ్లు నన్ను పెళ్లికూతురనుకోరు. అందులో పడేది మన సరస్సు చేపలు అహ్వెన్లే అయి ఉండాలి. మొన్న మా కాబోయే అత్తగారు ఎల్విరా గారు, తను పోసిన కాఫీ నేను తాగుతుండగానే అంది, "మంచినీళ్ల చేపకి రుచెక్కడ్నించి వస్తుందమ్మా, ఉప్పే ఎరగదు కదా" అని. నవ్వుతూనే అంది, మంచి మనిషే. కానీ నాకు చెవుల దాకా మండింది. ఆ రై రొట్టెలో అహ్వెన్లూ పంది మాంసమూ కలిసి రాత్రంతా పొయ్యిలో మగ్గాక ఒక్క ముక్క ఆవిడ నోట్లో పెట్టాలి. అంతే నా కోరిక.

అన్నయ్య ఆ ఉత్తరాదిన ఆనకట్ట పని వదిలి పెళ్లి ముందురోజుకి గానీ రాడు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. కాబట్టి వదినా, అహ్వెన్లు ఎక్కడున్నాయో కనిపెట్టే పని నీదే. కష్టమేం కాదు. వేసవంతా రెల్లులో ఉంటాయి. ఆకులు పసుపెక్కేసరికి గుంపులు కట్టి రాళ్ల అంచుకు, లోతుకు పోతాయి. పొద్దున్నే నీటిపిట్టలు ఎక్కడ ముసురుతున్నాయో చూడు, వాటి కింద చిన్నచేపలు ఎగురుతుంటాయి, వాటి కింద అహ్వెన్లు ఉంటాయి. నాన్న ఎప్పుడూ పెద్ద దీవి కొస దగ్గర మూడు రాళ్ల పక్కనే లంగరు వేసేవాడు.

ఒకవేళ చేపలు పడకపోతే ఎలాగని ఎల్విరా గారు హెర్రింగ్ ఒక పీపాడు వెంట తెస్తానంటోంది. ఈ సంగతి మాత్రం అమ్మకి చెప్పకు.

నీ మరదలు
ఐలి

కివిలహ్తి,
సెప్టెంబరు 9

కాబోయే పెళ్లికూతురికి,

నీ ఉత్తరం వచ్చేసరికి అత్తయ్య బంగాళాదుంపల బుట్ట ముందు కూర్చుని ఉంది. "చేతులు మట్టి. పైకి చదువు" అంది. చదివాను. ఏం చెయ్యను ఐలీ, నేను ట్రాములో పనిచేసినదాన్ని, నోరు తెరిస్తే వరుసగా అన్ని స్టాపులూ పిలిచేదాకా ఆగదు. పీపా సంగతి చదివేశాను. ఆ వేగంలో "ఈ సంగతి మాత్రం అమ్మకి చెప్పకు" అన్నది కూడా చదివేశాను.

అత్తయ్య చేతిలో దుంప అలాగే పట్టుకుని, "పీపాడా?" అంది.

"ఒకవేళ పడకపోతేనట" అన్నాను.

దుంపలన్నీ ఏరింది. చేతులు కడుక్కుంది. కాఫీ తాగింది. తర్వాత కొట్టంలోకి వెళ్లి తెడ్లు తీసుకొచ్చి గుమ్మం పక్కన నిలబెట్టింది. మర్నాడు నేను లేచేసరికి పడవ లేదు, ఆవిడా లేదు. అప్పట్నించీ రోజూ అంతే. మోకాళ్ల మాట ఎత్తితే, "కూర్చునే కదా తెడ్డేసేది" అంటోంది.

సంబంధం ఇష్టమేనా అని కూడా అడిగాను, నీకోసం. "ఇష్టమైతే ఇష్టమే అవ్వచ్చు" అంది. దీన్ని ఏ ఖాతాలో వేసుకుంటావో వేసుకో.

నా వేట సంగతి చెబితే నవ్వుతావు. నాకు నీళ్లంటే భయమని నీకు తెలుసుగా. పెళ్లయి ఇన్నాళ్లయినా మీ అన్నయ్య నన్ను ఆ పడవలో కూర్చోబెట్టలేకపోయాడు. అందుకని బట్టలుతికే చెక్కవంతెన మీద నుంచే గాలం వేశాను. వానపాముని గుచ్చేటప్పుడు కళ్లు మూసుకున్నాను. చేపలు పడ్డాయి, లేదనను. ఒక్కొక్కటీ నా చిటికెనవేలంత. ఒంటి నిండా నల్ల పట్టీలు, ఎర్ర రెక్కలు, చూడ్డానికి బుల్లి దొరల్లా ఉన్నాయి. విడిపించబోతే వీపుముళ్లు అరచేతిలో దిగాయి. మొత్తం పిల్లి తిని, ఇంకా ఉన్నాయా అన్నట్టు నా మొహం చూసింది.

అడవిలో ఎర్ర లింగన్ పళ్లు ఈ ఏడు విరగకాశాయి. నీకు రెండు జాడీలు పక్కన పెట్టాను. పెళ్లి బట్టల కొలతలు పంపు, పొట్ట బిగబట్టి తీసుకోకు.

నీ నోరాగని వదిన
సైమి

వాసా,
సెప్టెంబరు 14

వదినా,

నీ నోటికి దండం. ఉత్తరాలు పైకి చదివేవాళ్లకి రాసేటప్పుడు కింద నుంచి పైకి రాయాలని, 'చెప్పకు' అన్నది మొదట్లోనే ఉండాలని తెలిసింది.

నవ్వుతూ మొదలుపెట్టాను గానీ నా మనసేం బాగాలేదు. అమ్మ తెడ్లు తీసిందంటే అది కోపమే. నాన్నతో మాట పట్టింపు వచ్చినప్పుడల్లా ఆవిడ చేసిన పని అదే. సరస్సు మధ్యకి పోయి, కోపం చల్లారాక చేపలతో వచ్చేది. మా చిన్నప్పుడు మంచి చేపల కూర తిన్నామంటే ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవ జరిగిందని అర్థం. మరి ఇప్పుడు ఏం తెస్తోంది? నువ్వు రాయలేదు.

యోస్టా మాత్రం నిశ్చింతగా ఉన్నాడు. పెళ్లికి వేసుకోవడానికి వాళ్ల నాన్న కోటు తీయించాడు, చేతులు కురచ. నేను పొడవు చేస్తున్నాను. ఆ కోటు జేబులో ఎండిన హెర్రింగ్ తల దొరికింది. వీళ్ల ఇంట్లో ఏ జేబులో చెయ్యి పెట్టినా చేపే.

నువ్వు అమ్మని సూటిగా అడుగు వదినా. సూటిగా అడిగితే చెప్పదని తెలుసు. అయినా అడుగు.

ఐలి

కివిలహ్తి,
సెప్టెంబరు 20

ఐలీ,

కూర్చుని చదువు. భయపడే సంగతి కాదనుకుంటాను, కానీ ఏ సంగతో నాకే తేలడం లేదు.

ఏం తెస్తోందని అడిగావు. ఏమీ తేవడం లేదు. రోజూ తెల్లవారుతుండగా వెళ్తుంది, ఎండెక్కాక వస్తుంది, వట్టి చేతులు. కానీ పడవ అడుగున పొలుసులుంటాయి. నిన్నటి పొలుసులు కావు, తడివి. పట్టిన చేపలు ఏమవుతున్నాయి? "పడలేదా అత్తయ్యా?" అంటే, "పడలేదనీ చెప్పలేం" అంది.

మొన్న పొద్దున్న ఆవు కోసం ఒడ్డు దాకా వెళ్లాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే నా కాళ్లే నాకు కనబడలేదు. నీళ్ల మీద నుంచి అత్తయ్య గొంతు వినిపించింది. మాట్లాడుతోంది. పడవలో ఇంకెవరూ లేరు, ఆవిడ ఒక్కతే వెళ్లడం నేను చూశాను. మాటలు అర్థం కాలేదు గానీ ఒకే ముక్క మళ్లీ మళ్లీ అంటోంది, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి బతిమాలుతున్నట్టు. ఆవిడ ఇంట్లో రోజంతా కలిపి అన్ని మాటలాడదు.

ఇంటికొచ్చాక మామూలే. పెరుగు చిలికింది, రేడియోలో వాతావరణం విన్నది, నా వంక చూసి "నీ రొట్టె మాడుతోంది" అంది. మాడుతోంది కూడా.

ఇక మూడోది. పిండి కోసం దుకాణానికి వెళ్తే అక్కడ మార్తా తూకం వేస్తూ వేస్తూ ఆగి, "మీ అత్తగారు పొద్దున్నే పడవేసుకుని ఈవరి రేవుకి పోతోందటగా. చేపలు కూడా ఇస్తోందట. ముసలాడు గడ్డం కత్తిరించుకున్నాడు, చూశావా?" అంది. ఈవరి తెలుసుగా, ఆ దీవి కొసన ఒంటరిగా ఉండే పాత ఓడ మనిషి. నేను మాట దాటేసి వచ్చేశాను. కానీ నిన్న చర్చి దగ్గర చూశాను. నిజంగానే కత్తిరించుకున్నాడు.

ఐలీ, నాకైతే ఒకటే తోస్తోంది. ఈ ఇంట్లో పెళ్లి ఒక్కటే కాదేమో.

సైమి

వాసా,
సెప్టెంబరు 25

వదినా,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను, కోటు చేతిని కాలరుకి కుట్టేశాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత మిషను మీద తలపెట్టుకుని ఏడ్చాను. యజమానురాలు నీళ్లిచ్చింది.

కోపంతో మొదలైంది, ఒక్కతే మాట్లాడుకోవడం దాకా వచ్చింది, ఇప్పుడు ఈవరి. ఆ ఈవరి తాతని అమ్మ మా చిన్నప్పుడు గుమ్మం తొక్కనిచ్చేది కాదు, నోరు మంచిది కాదని. అలాంటివాడి రేవుకి పొద్దున్నే చేపలు పట్టుకెళ్తోందంటే ఆవిడ ఎంత ఒంటరిదై ఉండాలి? నేను ఎక్కడో వాసాలో కూర్చుని ఇంకెవరో ముసలమ్మకి అహ్వెన్ రుచి చూపించాలని పంతం పట్టాను. మా అమ్మ ఏం తింటోందో, ఎవరితో మాట్లాడుతోందో నాకు తెలీదు.

నేను నిశ్చయించుకున్నాను. పెళ్లి కివిలహ్తిలో వద్దు. ఇక్కడే పాస్టరు గారి గదిలో ఇద్దరు సాక్షులతో చేసేసుకుంటాం. పీపా లేదు, కలకుక్కో లేదు, ఎవరూ ఎవరి ముందూ తలవంచుకోనక్కర్లేదు. క్రిస్మస్‌కి నేనొక్కదాన్నే వచ్చి అమ్మ దగ్గర కొన్నాళ్లుంటాను. యోస్టా వద్దంటున్నాడు. "ముందు వెళ్లి అడుగుదాం, మనిషిని అడక్కుండా తీర్పు చెప్పడమేంటి" అంటున్నాడు. సవో మనిషిని అడగడమంటే ఏమిటో వాడికి తెలీదు.

అమ్మకి నెమ్మదిగా చెప్పు. ఈసారి పైకి చదవకు.

ఐలి

కివిలహ్తి,
సెప్టెంబరు 26

నా బంగారు మరదలా,

ఈ ఉత్తరం మధ్యమధ్య ఆగి నవ్వుకుంటూ రాస్తున్నాను. ముందే చెప్పేస్తున్నాను, మీ అమ్మకి ఏ జబ్బూ లేదు, ఈవరిని చేసుకోవడమూ లేదు.

నిన్న పొద్దున్న ఆవిడ తెడ్లు తీసుకునేసరికి నేను రేవులో నిలబడి ఉన్నాను, మీ అన్నయ్య కోటు వేసుకుని. "నేనూ వస్తాను" అన్నాను.

"నీకు నీళ్లంటే భయం కదా."

"భయమే. అయినా వస్తాను."

నేను ఎక్కడానికి పడవ అంచు పట్టుకుంది. ఎలా ఎక్కానో నాకు తెలీదు. మూడు రాళ్ల దాకా కళ్లు తెరవలేదు. అక్కడ రాయి కట్టిన తాడు దింపింది, రెండు గాలాలు వేసింది. చేపలు కొరికాయి, కానీ చిన్నవి. ఎండలు ఎక్కువై నీళ్లింకా చల్లబడలేదని, పెద్ద గుంపు పాత చోట్లకి రాలేదని చెప్పింది. ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, మీరు ఈవరి గారిని చేసుకుంటున్నారా?"

ఆవిడ బెండు వంక చూస్తూనే ఉంది. "చేసుకుంటే వాడి చొక్కాలెవరు ఉతుకుతారు?" అంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది ఐలీ. ఆవిడ నవ్వితే చప్పుడు రాదని నాకు నిన్ననే తెలిసింది.

తర్వాత చెప్పింది. "ఆ పీపా ఆవిడ వస్తుంది. నా పిల్లని తీసుకెళ్లే మనిషి. మొహమొహాలు చూసుకుంటూ కూర్చోమంటావా? ఆవిడకి నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. నా నోటితోనే చెప్పాలి, మధ్యలో ఇంకొకళ్లు ఉండకూడదు."

స్వీడిష్ నేర్చుకుంటోంది. ఈవరి ఆ రోజుల్లో స్వీడిష్ వాళ్ల ఓడల మీద తిరిగాడు కదా, వాడి దగ్గర. ఒక్కో పాఠానికి ఒక్కో బుట్ట అహ్వెన్లు. ఇంట్లో వల్లెవేస్తే నేను వింటానని, ఊళ్లో అయితే మార్తా వింటుందని సరస్సు మధ్యకి వెళ్లి సాధన చేస్తోంది.

"ఏదీ, ఒకటి చెప్పండి" అన్నాను.

వీపు నిటారుగా పెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు చెప్పింది. ఐలీ, నేను ట్రాములో టికెట్లు కొట్టిన రోజుల్లో ప్రతి స్టాపునీ రెండు భాషల్లో అరిచినదాన్ని. తాగి ఎక్కిన ఓడవాళ్లని రెండు భాషల్లో దింపినదాన్ని. మీ అమ్మ అన్న మాట నేను వందసార్లు విన్నాను. "ఇంకో గ్లాసు పొయ్యవే చిలకా" అని దాని అర్థం.

"ఇది ఎప్పుడనాలన్నాడు?" అని అడిగాను.

"గౌరవంగల ఆడమనిషిని మొదటిసారి చూసినప్పుడట. ఈ మాటన్న చోటల్లా ఆడవాళ్లు నవ్వుమొహంతోనే ఉన్నారన్నాడు."

చెప్పకుండా ఎలా ఉండను? చెప్పాను. ఆవిడ మొహం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. "బుట్టెడు చేపలు" అంది. "రోజూ బుట్టెడు చేపలు తిన్నాడు, గాడిద." అప్పుడిక ఇద్దరం ఆగలేదు. పడవ ఊగుతోంది, నేను భయపడడం కూడా మర్చిపోయాను. నాకు ట్రాము రోజుల స్వీడిష్ కాస్త వచ్చేమోనని ఆవిడకి అనుమానమేనట. అడగలేదు, నేనూ చెప్పలేదు. కోడలి దగ్గర అక్షరాలు దిద్దుకోవడం నామోషీ అనుకుందట. "ఆ గాడిద దగ్గర దిద్దుకున్నాక ఇంకేం నామోషీ, కానియ్" అంది.

అక్కడే మొదలుపెట్టాం. నమస్కారం, కూర్చోండి, ప్రయాణం ఎలా జరిగింది. ఆవిడ ఒక్కో ముక్కా నీళ్ల మీదకి విసిరినట్టు గట్టిగా అంటోంది. లంగరు రాయి ఎప్పుడు జారిందో ఇద్దరం చూసుకోలేదు. పడవ మెల్లగా నడి సరస్సులోకి కొట్టుకుపోయింది. "కాఫీ తీసుకోండి" అని ఆవిడ మూడోసారి అంటుండగా నా చేతిలో గాలంకర్ర వంగింది. ఒక బెండు కాదు, రెండూ ఒకేసారి మునిగాయి.

ఎంత పెద్దవనుకున్నావు? నా ముంజేతంత. లాగుతుంటే తల విదిలిస్తుంది, వీపు మీద ముళ్ల రెక్క జెండాలా లేస్తుంది. ఒకటి తీసి ఇంకొకటి వేసేలోపు కొరికేస్తున్నాయి. అత్తయ్య తాడు దింపి లోతు చూసి, "ఇక్కడ నీళ్ల కింద మెట్ట ఉంది. మా ఆయనకి కూడా తెలీదు" అంది. చర్చి గోపురం ఏ చెట్టు మీదుగా కనబడుతోందో, ఈవరి పొగగొట్టం ఏ రాయికి సూటిగా ఉందో చూసి పెట్టుకుంది. వానపాములు అయిపోతే చేపముక్కే ఎరగా గుచ్చాం. నేను కళ్లు మూసుకోలేదు.

ఆ చోటు ఎక్కడో నీకు కూడా చెప్పొద్దంది. పెళ్లయితే నువ్వు సముద్రం వాళ్ల మనిషివట.

ఈ రోజు నుంచి పట్టినవి పట్టినట్టు చిల్లుల చెక్కపెట్టెలో వేసి రేవులో నీళ్లలో దింపుతాం, పెళ్లి దాకా బతికే ఉంటాయి. రై పిండి చెప్పేశాను. పాఠమూ వేటా రోజూ పొద్దున్నే. చేతుల నిండా ముళ్ల గాట్లు. ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తు లేదు.

పడవెక్కిన
సైమి

కివిలహ్తి,
సెప్టెంబరు 29

ఐలీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నాది నీకు దారిలో ఎదురయ్యే ఉంటుంది. నేను పైకి చదవలేదు. నా మొహం చూసి అత్తయ్యే చెయ్యి చాచింది. కిటికీ దగ్గరికెళ్లి మొత్తం చదివింది, రెండుసార్లు. "నోరు మంచిది కాదని" అన్న చోట తలూపింది. చివరికొచ్చాక కళ్లజోడు తీసి తుడుచుకుని, కాగితం అడిగింది. ఆవిడ రాసింది కింద అతికిస్తున్నాను. సవో మనిషి ప్రశ్న వేసిందంటే దానికి జవాబు రాయకూడదని, చెప్పిన పని చెయ్యాలని నీకు నేను చెప్పాలా?

వదిన

ఐలీ. చేపలు దొరికాయి. పెట్టెలో ఉన్నాయి. తినేవాళ్లు రాకపోతే వదిలెయ్యమంటావా? అమ్మ.

వాసా,
అక్టోబరు 3

వదినా,

వదలొద్దను. వస్తున్నాం. అందరం వస్తున్నాం, పీపాతో సహా, ఎందుకంటే అది ఇప్పటికే రైల్లో వేసేశారు. పన్నెండో తారీఖు సాయంత్రం బండికి. యోస్టా కోటు వేసుకుని నా ముందు చేతులు చాపి నిలబడ్డాడంతే. చేతులు సరిపోయాయి.

ఈవరి తాతని పెళ్లికి పిలవండి. కానీ ఎల్విరా గారికి దూరంగా కూర్చోబెట్టండి.

ఐలి

యోస్టా వాళ్ల దీవి నుంచి,
అక్టోబరు 25

ప్రియమైన వదినా,

పెళ్లి సంగతులు నీకు రాయడమేమిటి, నీ చేతుల మీదే జరిగింది కదా. కానీ నువ్వు పొయ్యి దగ్గరే ఉండిపోయావు, కలకుక్కోలు తీస్తూ, కోస్తూ. లోపల గదిలో జరిగినవి కొన్ని నీకు తెలీవు. నాకూ ఇక్కడికొచ్చాకే తెలిశాయి.

అమ్మ ఆ రోజు ఎల్విరా గారిని పలకరించడం చూశావుగా. నమస్కారం, కూర్చోండి, ప్రయాణం ఎలా జరిగింది, కాఫీ తీసుకోండి. ఒక్కటి తప్పు పోలేదు. తర్వాత వాళ్లిద్దరే గదిలోకి వెళ్లారు. అప్పుడు అమ్మ ఏం చెప్పిందో అత్తగారు నిన్న నాతో అంది. "మా ఐలికి కోపం వస్తే మాట్లాడదు. అప్పుడు పలకరించకండి. పక్కన కాఫీ పెట్టి వచ్చెయ్యండి. చల్లారేలోపు తాగుతుంది." ఇంత పొడుగు మాట. ఇది నువ్వే నేర్పి ఉంటావు, నాకు ఒక్క ముక్క రాయలేదు. నేను వినగానే గిన్నెలు కడిగే నెపంతో బయటికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను వదినా. అంతకు ముందురోజే ఏదో చిన్నదానికి అలిగి మూలన కూర్చుంటే, అత్తగారు ఏమీ అనకుండా కాఫీ పెట్టి వెళ్లిపోయింది. ఇదేం మర్యాదో అనుకున్నాను. తాగాను కూడా.

ఇక తమాషా. ఆ మాట విన్నాక అత్తగారు అమ్మకి స్వీడిష్ బ్రహ్మాండంగా వచ్చనుకుంది. ఇంట్లో మాట్లాడే మనిషి దొరక్క ఉన్నదేమో, ఇక ఆగలేదు. గంటలకొద్దీ చెప్పింది. అమ్మ ప్రతిదానికీ తలూపి "అవును" అంది, "అవునవును" అంది. "మీ అమ్మ భాష చక్కగా మాట్లాడుతుంది. కొంచెం తక్కువ మాట్లాడుతుంది, అంతే" అంటోంది అత్తగారు.

అమ్మ వేటివేటికి అవునందో చెప్తాను విను. నీళ్లు గడ్డకట్టకముందే దీవికి వస్తానంది. క్రిస్మస్ దాకా ఉంటానంది. పెళ్లికి తను వేసుకున్న మేజోళ్ల అల్లిక నేర్పుతానంది. మావాళ్లు మేడ మీద గదికి సున్నం కూడా వేసేశారు. దీవిలో ప్రతి ఇంటికీ కబురు వెళ్లింది. ఇంకొకటి కూడా ఉంది, రాయడానికి భయంగా ఉంది. ఎంత చెప్పినా సముద్రపు చేప రుచి మంచినీళ్ల చేపకి రాదని అత్తగారు అంటే, దానికీ అవునందట. కలకుక్కో రెండు ముక్కలు తిని, మూడోది రుమాల్లో కట్టుకుని తెచ్చుకున్న మనిషి ఆ మాట అనడం చూడు.

కివిలహ్తి దాటి ఎరగని అమ్మ రైలెక్కి ఇక్కడికొస్తుందా? నాకు నమ్మకం లేదు. గదికి సున్నం వేసినవాళ్లకి ఎలా చెప్పాలో కూడా తెలీడం లేదు. నెమ్మదిగా కనుక్కుని రాయి.

యోస్టా మీ ఇద్దరికీ నమస్కారాలు చెప్పమన్నాడు. ఇక్కడి ఉప్పునీళ్ల పాయల్లో కూడా అహ్వెన్లుంటాయని, ఈ రోజుల్లో బాగా కొవ్వు పట్టి ఉంటాయని రాయమన్నాడు.

నీ
ఐలి

కివిలహ్తి,
నవంబరు 7

దీవి కోడలికి,

నెమ్మదిగా కనుక్కోమన్నావు. నేను నెమ్మదిగానే మొదలుపెట్టాను. అత్తయ్య గాలాలు చుట్టి పెడుతోంది. "మీరు ఐలి వాళ్ల దీవికి వెళ్తున్నారట" అన్నాను.

"ఎవరన్నారు?"

"మీరే. పెళ్లిరోజు ఆవిడ పిలిస్తే అవునన్నారట."

"అదా" అంది. దారం చుడుతూనే ఉంది. "ఆవిడ మాటలు ఏరులా పోతున్నాయి. మధ్యమధ్య ఆగి నా మొహం చూసేది. ఏదో ఒకటి అనాలి కదా."

"క్రిస్మస్ దాకా ఉంటానన్నారట."

"ఉంటే ఉండొచ్చు."

"మేజోళ్లు నేర్పుతానన్నారట."

"నేర్పితే పోయేదేముంది?"

ఇక మిగిలింది చెప్పనా వద్దా అనుకున్నాను. చెప్పాను. దారం చుట్టే చెయ్యి ఆగిపోయింది.

"సముద్రపు చేప రుచని నేనన్నానా?"

"అన్నారట. అవునవును అని రెండుసార్లట."

అత్తయ్య లేచింది. అటకెక్కి మామయ్య పాత పెట్టె దింపింది, మోకాళ్ల మాటే లేదు. దుమ్ము దులిపి, "ఈ మాట ఉత్తరంలో సరిచెయ్యడం అయ్యేపని కాదు. వెళ్లే చెప్పాలి" అంది. ఆ తర్వాత రోజూ పాఠం చెప్పించుకుంది, పొద్దున్నా సాయంత్రమూ. రుచికి, కొవ్వుకి, కండకి, ముల్లుకి స్వీడిష్‌లో ఏమంటారో అన్నీ అడిగింది. ముల్లు మాట నాకూ రాలేదు. యోస్టాని అడిగి పెట్టుకో, రాగానే కావాలంటుంది.

ఈవరి రేవు దాకా వచ్చి ఇంకో రెండు మాటలు నేర్పుతానన్నాడు. తెడ్డు చూపించింది.

ఈ రోజు పొద్దున్న బండెక్కించాను. పెట్టెలో బట్టలు తక్కువ. ఎండబెట్టిన అహ్వెన్లు ఎక్కువ, అవి మీ అత్తగారికి. నాచు నింపిన డబ్బాలో వానపాములున్నాయి, జాగ్రత్త, లింగన్ జామనుకుని తెరవకు. గాలంకర్రలు రెండు పట్టుకెళ్తోంది. రెండోది ఎవరికని అడిగితే, "ఆవిడ ఊరికే కూర్చుని మాట్లాడుతుందా ఏం?" అంది.

టికెట్లు చూసేవాడు వచ్చాడు. మన మార్తా చెల్లెలి కొడుకు ఎర్కి, పుట్టినప్పట్నించీ ఈవిడ చేతుల మీద తిరిగినవాడు. "ఎక్కడికి పెద్దమ్మా?" అని అడిగాడు. అత్తయ్య కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, స్వీడిష్‌లో, శుభోదయం, నేను బాగానే ఉన్నాను, మీ అమ్మగారు ఎలా ఉన్నారు అంది. ఎర్కి నోరు తెరుచుకుని నా వంక చూశాడు.

"పెద్దమ్మా, నేను ఎర్కినే" అన్నాడు.

"తెలుసు" అంది మన భాషలో. "అమ్మ ఎలా ఉందో చెప్పు, రెండోసారి అడిగించుకోకు."

బండి కదిలింది. గాలంకర్రల కొసలు కిటికీలోంచి బయటికొచ్చి, వంపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆవిడ దారిలో చుట్టాలింట్లో ఆగి వస్తుంది, ఈ ఉత్తరం ముందే చేరుతుంది; గురువారం సాయంత్రం స్టేషనుకి మీ అత్తగారిని కూడా తీసుకురా. ముందు అత్తయ్యనే మాట్లాడనియ్.

నీ వదిన
సైమి